డిప్ మాట వినని లైట్లు

హైదరాబాద్ పుత్లీబౌలిలో బైకు విడిభాగాల దుకాణాల ముందు నిలబడి అదనపు లైట్లు బేరమాడే కుర్రాళ్లకు కొదవ లేదు. వాళ్లది ఒట్టి సోకు అని కొట్టిపారేయలేం. చాలా మామూలు బైకులకు కంపెనీ ఇచ్చిన బల్బు 35 వాట్లది. పాత మోడళ్లలో అనేకం దానికి కరెంటును బ్యాటరీతో పనిలేకుండా నేరుగా ఇంజన్ నుంచే ఇచ్చేవి. గుంత చూసి వేగం తగ్గిస్తే, చూపు అత్యవసరమైన ఆ క్షణంలోనే లైటు మినుకుమనేది. వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీని వెంట్రుకవాసిలో తప్పించుకున్నవాడు వెలుగు కోసం వెంపర్లాడటంలో వింతేముంది?

చిక్కంతా బిగించే తీరులోనే. తొందరపడే మెకానిక్ హెడ్‌లైట్ వైరును గీరి, అక్కడి నుంచే కరెంటు లాగి, టేపు చుట్టి పంపేస్తాడు. 55 వాట్ల హాలోజన్లు రెండు కలిసి 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఆ సన్నటి వైరూ, హ్యాండిల్ మీది స్విచ్చూ అంత భారం మోయలేవు. కొన్నాళ్లకు ప్లాస్టిక్ కాలిన వాసన ఖాయం. 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండయితే మూడు ఆంపియర్ల పైచిలుకుతో సరిపెట్టుకుంటాయి. అయినా పని తెలిసిన మిస్త్రీ రిలే లేనిదే చేయి పెట్టడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30వ పిన్నుకు, 87 నుంచి లైట్లకు మందపాటి వైరు లాగుతాడు. 85కు ఎర్త్, 86కు స్విచ్ వైరు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. లైటు దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినా అది కాలదు. హ్యాండిల్ తిరిగేచోట వైరును కాస్త వదులుగా వదలాలి. ఒరిపిడి మొదలయ్యేది సాధారణంగా అక్కడే.

ఇక ఆ 86వ పిన్నుకు కరెంటు ఎక్కడి నుంచి తెస్తారన్నది అసలు సంగతి. బ్యాటరీ నుంచి తెస్తే లైట్లు డిప్ మాట వినవు. హెడ్‌లైటు బ్యాటరీ మీద నడిచే బండిలో హైబీమ్ వైరు నుంచి తెస్తే, డిప్ కొట్టగానే అవీ ఆరిపోతాయి. ఖర్చులో తేడా కొద్దిపాటి వైరే. ఎదురుగా పాలక్యాన్లు కట్టుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చే మనిషికి మాత్రం తేడా ప్రాణమంత. 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు గుడ్డిగా పోవాల్సింది అతనే. అతను రోడ్డు దిగి పడిపోయినా, వెలుగు వెదజల్లుకుంటూ వెళ్లినవాడికి ఆ సంగతి తెలియదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 8 మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకుండా లైటు కిందికి వంగి ఉండాలంటాయి. బండి రూపు అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు అని 2019 సవరణ హెచ్చరిస్తోంది. రోడ్డు మీద టేపు పట్టుకుని కొలిచేదెవరు? కొలవాల్సింది బిగించేవాడే. గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలిపి, మనిషి ఎక్కి కూర్చున్నాక చూడాలి, ఎందుకంటే బరువు పడితే వెనక భాగం కుంగి లైటు పైకి లేస్తుంది. చీకటి పడ్డాక పది నిమిషాల పని. చాలామంది పట్టపగలే బిగించుకుని, స్విచ్ వేసి చూసి, డబ్బులిచ్చి వెళ్లిపోతారు.