ఏడు గంటల నీడ

అబుధాబిలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఇసుకవన్నె ప్రహరీల నడుమ ప్రొద్దుటిపూట స్కూలుబస్సు కొఱకు నిలుచు పిల్లలకు నీడ కల్పింపవలెనని, చిత్రకళ చదువుచున్న మా అన్నగారి అమ్మాయియు, సివిల్ ఇంజనీరింగు చదువుచున్న పొరుగింటి అబ్బాయియు కలిసి ఒక ప్రాజెక్టునకు పూనుకొని, మూడు వారములు మా భోజనపు బల్లయొద్ద తగవులాడిరి. "నీడ జల్లెడలోంచి రాలినట్టుండాలి" అని యామె యనును, "ఎంత? ఎన్ని గంటలకి?" అని యాతడడుగును. ఆ ప్రశ్న యామెకు తిరస్కారమువలె వినబడెడిది. ఆమె మాట యాతనికి కవిత్వమువలె తోచెడిది. ఇరువురిదియు తెలుగే, కాని 'తేలిక' యన్నచో ఆమెకు కన్ను, అతనికి కిలోలు జ్ఞప్తికి వచ్చును.

ఇందు వారి దోషమేమున్నది? మయమతమను వాస్తుగ్రంథము చెప్పు నలుగురు శిల్పులలో పెద్దయగు స్థపతియు, అతని కొలతసూత్రమును పట్టు సూత్రగ్రాహియు ఒకే పనిపట్టున మెలగినవారు. మన బిడ్డలనో, పదవ తరగతి దాటగనే ఎం.పి.సి. గదిలోనికి పంపి, రంగుల పెట్టెను అటకమీద పెట్టించుచున్నాము. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

ఒక శనివారము వారిని సాదియాత్ ద్వీపమునకు, 2017లో తెరచిన లూవ్ర్ అబుధాబి గుమ్మటము క్రిందికి తోడ్కొనిపోయితిని. ఖర్జూరపుటాకుల కప్పులోనుండి జాఱు వెలుగును వాస్తుశిల్పి ఝాన్ నూవెల్ కోరగా, బ్యూరో హాపోల్డ్ ఇంజనీర్లు ఆ కోరికను 180 మీటర్ల వ్యాసముగా, ఎనిమిది పొరలుగా, 7,850 నక్షత్రములుగా, నాలుగే ఆధారములపై నిలిచిన సుమారు 7,500 టన్నుల బరువుగా మార్చిరి. నాకు మా యూరి తాటాకు పందిరి కనబడినది. అబ్బాయి పొరలు లెక్కించుచుండెను. అమ్మాయి తన అరచేతిపై పడిన వెలుగుచుక్కను చూచుచుండెను.

మఱునాడామె వాదము మాని, అట్టతో కప్పు నమూనా చేసి, ఫోను దీపమును తూర్పున, ఏడు గంటల సూర్యుని యెత్తున పట్టుకొనినది. కప్పు నీడ పిల్లలు నిలుచు చోటును దాటి ఎక్కడనో గోడమీద పడినది.

"కప్పు కాదు. తూర్పువైపు తడిక కావాలి!" అనెను అబ్బాయి.

"మొదటినుంచీ నేను గీస్తున్నది తడికనే కదా!"

అతడామె పాత బొమ్మలన్నియు మరల తీసి చూచెను. అలంకారమని తాను త్రోసిపుచ్చిన గీతలవి. ఆనాటినుండి ఆమె ప్రతి బొమ్మ క్రిందను గంట వ్రాయుచున్నది. చిల్లులు పొడుచు కత్తి యాతని చేతికి వచ్చినది.