గంట దూరంలో దామెర్ల

రావులపాలెంలో డ్రాయింగు మాస్టారొకాయన చాన్నాళ్లుగా పిలుస్తున్నారు, దామెర్ల బొమ్మలు చూపిస్తానని. రావులపాలెంలో బస్సెక్కి గౌతమి వంతెన దాటితే జొన్నాడ, ఆపైన వేమగిరి, ఆ తర్వాత రాజమండ్రే.

అక్కడి దామెర్ల గ్యాలరీకి తీసుకెళ్లారు గానీ, అంతా తిరగనివ్వలేదాయన. 'పుష్పాలంకరణ' ముందు నిలబెట్టేశారు. పటానికి జానెడు దూరంలో చూపుడువేలు గాలిలో నడిపిస్తూ, మెడ వంపు దగ్గర మొదలైన గీత భుజం మీదుగా ఎలా జారిందో చూపించారు. పక్కన రంగు ఎంత పలచనో గీత అంత నిబ్బరం. నీటిరంగుల్లో చెయ్యి తప్పితే నూనెరంగుల్లో లాగా పైన ఇంకో పూత వేసి కప్పేయడం కుదరదు. పాతికేళ్ల కుర్రాడికి అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందా అని చూస్తూ ఉండిపోయాను.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ పిల్లవాడి చేతిలో పనితనం పసిగట్టి బొంబాయి జె.జె. స్కూలు దారి చూపించారు. అక్కడ పాశ్చాత్య పద్ధతి నేర్చి, తిరిగొచ్చి మన మనుషుల్నీ మన గోదావరినీ గీశారు. ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి పొట్టన పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆయన పోయాక బొమ్మల్ని కంటికి రెప్పలా కాచింది స్నేహితుడు వరదా వెంకటరత్నం.

"మా పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్తారండీ. సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెకా ముందు ఫొటోలు దిగుతారు. ఇక్కడికి తీసుకొద్దామంటే ఎవరూ కలిసిరారు" అన్నారు మాస్టారు.

ఆయన బాధ నాకూ పట్టుకుంది. రెబెకాను తక్కువ చెయ్యను. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొని తెచ్చిన ఆ పాలరాతి మేలిముసుగు చూసి తీరాల్సిందే. 1961లో పార్లమెంటు చట్టంతో ఆ మ్యూజియానికి జాతీయ ప్రాముఖ్యం దక్కింది, దక్కాలి కూడా. కానీ ఏటిగట్టున పెరిగే మన పిల్లవాడికి, ఇదే గోదావరి ఒడ్డున పుట్టిన ఒకాయన ఇంత పని చేసి వెళ్లాడని ఎవరు చెప్పాలి? రవివర్మ క్యాలెండరు బొమ్మలు గుర్తుపట్టే ఇళ్లలో దామెర్ల పేరే వినపడదు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

రావులపాలెం, కొత్తపేట, ఆత్రేయపురం హెడ్మాస్టర్లను నేను కోరేది ఒక్కటే. ఏడాదికొక్క రోజు పిల్లల్ని పంపండి, చేతికో పెన్సిలూ తెల్లకాగితాలూ ఇచ్చి. ఒక్కో బొమ్మ ముందు కాసేపు కూర్చోనివ్వండి.