మళ్లీ ఎప్పుడొస్తుంది, మేడమ్?

'మై యాంబిషన్' ఎస్సేలో తొమ్మిదో తరగతి పిల్లలంతా డాక్టర్, కలెక్టర్ అని రాశారు. ఒక్కడు మాత్రం బైక్ రేసర్ అన్నాడు. క్లాసులో మిగతావాళ్లకు వాలెంటినో రోసీ ఎవరో కూడా తెలియదు. నేను తమ్ముడితో కలిసి టీవీలో ఆయన రేసులు చూస్తూ పెరిగినదాన్ని. 2021లో ఆయన రిటైరయ్యాక మా ఇంట్లో ఆ చానలే పెట్టలేదు.

2023 సెప్టెంబరులో మోటోజీపీ మొదటిసారి మన దేశానికి, గ్రేటర్ నోయిడాకు వచ్చింది. బెజెక్కీ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. "మళ్లీ ఎప్పుడొస్తుంది, మేడమ్?" అని అడిగాడు ఆ అబ్బాయి. తెలియదన్నాను.

నేర్చుకోవాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరుకో పోవాలి. చెన్నై ట్రాక్‌లోనే 2023 ఆగస్టులో పదమూడేళ్ల బాలుడు రేసులో పడి చనిపోయాడు. హెల్మెట్, అంబులెన్సు అన్నీ ఉన్న చోటే అలా జరిగింది. మన అనంతపురం కుర్రాళ్లకు అందుబాటులో ఉన్నదేమో 44వ నంబరు హైవే! ఆదివారం సాయంత్రం నా స్కూటీని రయ్యిమని దాటిపోయే బైకుల్లో హెల్మెట్లు లెక్కపెడుతుంటాను. వేళ్ల మీదే అయిపోతాయి.

మొన్న పేరెంట్స్ మీటింగు అయ్యాక వాళ్ల నాన్నగారు బండి తీశారు. హెల్మెట్ అద్దానికి వేలాడుతోంది. పిలిచి చెప్పాను. నవ్వి పెట్టుకున్నారు. వెనక కూర్చున్న వాడికి మాత్రం లేదు.