హయా వైద్యానికి అడ్డుగోడ కారాదు

శుచీశుభ్రతల అధ్యాయం బోధించేటప్పుడు స్త్రీల శరీరధర్మాలను గురించి మేము దాపరికం లేకుండానే వివరిస్తాము. ధర్మం తెలుసుకోవడంలో సిగ్గును అడ్డురానివ్వని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారన్న సంగతి మా విద్యార్థినులందరికీ తెలుసు. అయినా రొమ్ములో గడ్డ తగిలితే ఆ మాట మన ఇళ్ళలో తల్లి కూతురితో కూడా చెప్పుకోదు.

నిరుడు బాలికల తరగతి నుండి పరదా చాటుగా మాకొక చీటీ వచ్చింది. “మా అమ్మీకి రొమ్ములో గడ్డ ఉంది. నొప్పి లేదు గనుక ఫరవాలేదంటున్నారు. డాక్టరుకు చూపిస్తే పరదాకు భంగమంటున్నారు. రమజాన్ తరువాత చూద్దామని అబ్బా అంటున్నారు. ఏం చేయాలి ఉస్తాద్?”

చీటీ వెనుకనే జవాబు వ్రాశాము: “వైద్యం చేయించుకోవాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. వైద్యురాలు దొరికితే ఆమెకే చూపండి. దొరకనప్పుడు అవసరమైన మేరకు పురుష వైద్యుడు పరీక్షించడాన్ని ధర్మపండితులు అనుమతించారు.” ఆ సాయంత్రమే తండ్రిని పిలిపించి, గడ్డ పండుగ కోసం ఆగదని చెప్పాము. మరునాడే వెళ్ళారు. అది క్యాన్సరే, కానీ తొలిదశలో ఉంది. శస్త్రచికిత్స జరిగింది. అల్హమ్దులిల్లాహ్, ఆమె కోలుకున్నారు.

నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. ఈ గడ్డ తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు. చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుండి రక్తం రావడం, చంకలో గడ్డ కట్టడం కూడా హెచ్చరికలే. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. అయితే ఆ సంగతి తేల్చవలసింది పరీక్షే గాని మన ఊహ కాదు.

ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో సుమారు లక్షన్నర మంది బస్తీ మహిళలతో ఒక అధ్యయనం ప్రారంభించారు. వారిలో సగం మందిని శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలే రెండేళ్ళకోసారి చేతితో పరీక్షించారు. పెద్ద యంత్రాలేవీ వాడలేదు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, 50 ఏళ్ళు, ఆపై వయసు వారిలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంటే పరదాకు భంగం లేకుండానే ప్రాణం కాపాడుకునే మార్గం ఉంది. 30 ఏళ్ళు నిండిన స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఇలాంటి పరీక్ష జరపడం మన ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనూ భాగమే.

సోదరీమణులారా! శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. గడ్డను దాచడం హయా అనిపించుకోదు.

సోదరులారా! భార్య నోరు తెరిచి అడిగేదాకా వేచి ఉండకండి. ఆమెకు తోడు వెళ్ళడం, ఖర్చు భరించడం మన బాధ్యత. దాన్ని గురించి రేపు మనల్నే ప్రశ్నించడం జరుగుతుంది.