తోడు పెట్టే వేళ

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మనం ఆఖరున చేసే పని పాలు తోడు పెట్టడం. అలవాటైన చెయ్యి కాబట్టి దానంతటదే చేసేస్తుంది. కానీ అందులో ఎంత లెక్క ఉందో!

పాలు సలసలా మరుగుతుండగా తోడు వేస్తే పెరుగు కాదు సరికదా, విరిగి నీళ్ళూ ముక్కలూ అవుతాయి. పూర్తిగా చల్లారాక వేస్తే తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి. వేలు ముంచితే గోరువెచ్చగా తగలాలి. అరలీటరు పాలకు చిన్న చెంచాడు పెరుగు చాలు. ఎక్కువైతే త్వరగా పులుస్తుంది. చలికాలంలో ఇంకాస్త వేసి, గిన్నెను వెచ్చగా ఉండేచోట పెట్టాలి. ఇంట్లో చుక్క పెరుగు లేకపోతే తొడిమలతో సహా రెండు పచ్చిమిరపకాయలు వేసినా తోడుకుంటుంది. ఆ తర్వాత గిన్నె కదపకూడదు. మాటిమాటికీ మూత తీసి చూడకూడదు.

ఇవన్నీ మీకు తెలిసినవే. పిల్లల విషయంలోనూ ఇదే లెక్క అని నాకు మా అత్తగారి వల్ల తెలిసింది.

2024 ఏప్రిల్‌లో మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల్లో తప్పాడు. ఫలితం చూసుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చిన మా వారు "వాణ్ణి బయటికి రమ్మను" అని కేకేశారు. ఫీజులకు చేసిన అప్పు ఇంకా తీరలేదు, ఆయన బాధ ఆయనది. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు. 2019లో మా తెలంగాణలో ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలే కళ్ళముందు తిరిగాయి.

అత్తగారు వెళ్ళి ఆ తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. "ఒరేయ్, పాలు మరుగుతున్నాయిరా. ఇప్పుడు ఏం వేసినా విరుగుతాయి. కాస్త ఆగు" అన్నారు మా వారితో. తర్వాత తలుపు తట్టి, "నాన్నా, నిన్నెవరూ ఏమీ అడగరు. నువ్వు రాకపోతే నాకు ముద్ద దిగదు" అన్నారు. కాసేపటికి గడియ తీశాడు. ఆ రాత్రి ఆవిడ వాడి గదిలోనే పడుకున్నారు.

మూడోనాడు పొద్దున్నే ఆవిడే మా వారిని పిలిచి, "ఇంకా ఊరుకుంటే పూర్తిగా చల్లారిపోతుంది. ఇప్పుడు మాట్లాడు" అన్నారు. ఆయన వాణ్ణి బండి మీద టీ కొట్టుకు తీసుకెళ్ళారు. "సప్లిమెంటరీ ఫీజు కట్టొద్దాం. నీకెక్కడ అర్థం కావడం లేదో చెప్పు" అన్నారట. దసరా సెలవుల దగ్గర్నుంచీ పాఠాలు అర్థం కావడం లేదనీ, చెబితే ఏమంటారోనని భయపడ్డాననీ అప్పుడు చెప్పాడు వాడు. ఆ నెలరోజులూ "చదివావా?" అని గంటకోసారి అడగకుండా ఉండటం నా వంతు. మూత తీయకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమండీ!

సప్లిమెంటరీలో పాసయ్యాడు. మార్కులు గొప్పవేం కాదు. ఇప్పుడు ఏ సంగతైనా వాళ్ళ నాన్నతో వాడే వచ్చి చెబుతున్నాడు.

ఫలితాల రోజుల్లో మీ ఇంట్లోనూ పిల్లలు ముభావంగా ఉంటే ఒంటరిగా వదలకండి. మన మాటకు లొంగని దిగులైతే టెలీమానస్ వారి 14416కు ఫోన్ చేయొచ్చు. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులక్కర్లేదు. పాలకైనా పిల్లలకైనా కావలసింది తోడే కదా!