ప్రభువొచ్చేలోగా

క్రీస్తు రెండో రాకడ గురించి నాకు తెలిసినంత మా సంఘంలో ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్ళు అనుకున్నాను. 1999లో అది మరీ ముదిరింది. రెండువేల సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు రాస్తున్నాయి, ఉజ్జీవ కూటాల్లో ఎక్కడ చూసినా అదే మాట. బైబిల్లో దానియేలు గ్రంథంలో నెబుకద్నెజరు రాజు కన్న కలలోని ప్రతిమను తెల్లగుడ్డ మీద పెయింటుతో వేయించాను. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనప కాళ్ళు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. ఆ గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాణ్ణి. కర్రతో పాదాల మీద తట్టి "మనం ఇక్కడున్నాం" అంటే ముందు వరసలో పిల్లలు జడుసుకునేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, వాళ్ళు జడుసుకుంటే నాకు బాగుండేది.

ఆ రోజుల్లోనే మా సంఘంలో ఒక పెద్దావిడ కంటి శుక్లం ఆపరేషన్‌కి తోడు రమ్మని అడిగింది. కూటాలయ్యాక చూద్దామన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాటన్నాను. "ప్రభువొచ్చేలోగా ఒక్కసారి ఆసుపత్రికి తీసుకుపో నాయనా, ఆయనొస్తే కళ్ళారా చూడాలిగా" అంది. వెటకారమో, అమాయకత్వమో నాకిప్పటికీ తెలీదు. చివరికి ఆవిణ్ణి తీసుకెళ్ళింది వీధి చివర కిరాణా కొట్టాయన. ఏ సంఘమూ కాదాయన.

సిగ్గుపడి మారిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. జనవరి వచ్చింది, కంప్యూటర్లు నడిచాయి, నేను లెక్కలు సరిచేసుకుని మళ్ళీ బయల్దేరాను. చార్టుకి పనికొచ్చే వచనాల కోసమే మత్తయి సువార్త 24వ అధ్యాయాన్ని అన్నిసార్లు చదివినవాణ్ణి, దాని చివర ఇంటివారికి వేళకు అన్నం పెట్టే దాసుడి సంగతి దగ్గర ఎప్పుడూ ఆగలేదు. యజమాని ఎప్పుడొస్తాడో ఆ దాసుడికీ తెలియదు. ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు ఆకలేస్తుందో తెలుసు. నేను చదివింది యుద్ధాలూ భూకంపాలూ ఉన్న సగమే.

ఆ దాసుడు నా కళ్ళబడ్డాక ఇంకో తప్పు చేశాను, మొదటిదానికన్నా చురుగ్గా. ఒక తుఫాను తర్వాత సంఘం తరఫున బియ్యం పంచాం. ప్రతి సంచిలో రాకడ కరపత్రం ఒకటి పెట్టించాను. వెనక బ్యానర్, ముందు ఫోటో. ఒకాయన సంచి అందుకుని, కరపత్రం బయటికి తీసి చూసి, "ఆదివారం రావాలా అండీ?" అనడిగాడు. ఎగతాళి కాదు, షరతేంటో కనుక్కుంటున్నాడు. అక్కర్లేదన్నాను. నమ్మినట్టు లేదు. నేను మాత్రం ఎలా నమ్మించను, సంచి కట్టించింది నేనే కదా.

మాది ఒంగోలు వైపు. 1876–78 కరువులో ఇక్కడ పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కథ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు ఆయన తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా పెద్దలు గొప్పగా చెబుతారు. అంతకుముందు సంగతి అంత గట్టిగా చెప్పరు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, అడిగినవాళ్ళకి కూడా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, రావాల్సిన అవసరం ఎవరికీ పడకూడదని. కరపత్రం సంచి కట్టించినవాడికి ఆ సగం కథ ఎలా గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసేది చాలా చిన్న పని. మా వీధిలో ఒక రిటైర్డు మాష్టారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగ్గంటలు. కొడుకు బెంగళూరులో. బండి మీద నేనే తీసుకెళ్తాను. మొదట్లో ప్రేమ కొద్దీ కొబ్బరిబోండం కొట్టించి తీసుకెళ్ళాను. సిస్టరమ్మ చేతిలోంచి లాక్కుంది. "చంపుతావా బాబాయ్? అందులో పొటాషియం ఎంతుంటుందో తెలుసా, గుండె ఆగిపోద్ది!" అంది. అరటిపండు వద్దు, నీళ్ళు కొలిచి తాగాలి, డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేత్తో బరువు ఎత్తనీయకూడదు. దానియేలు గ్రంథంలో ప్రతి కొమ్ముకీ అర్థం చెప్పేవాణ్ణి, పక్కింటి మనిషి ఏం తాగకూడదో నేర్చుకోవాల్సి వచ్చింది.

మా సంఘ పెద్ద ఒకాయన మొన్న అడిగారు: "మాష్టారికి వాక్యం చెప్పావా?" లేదన్నాను. "నువ్వు చెప్పేలోగా ప్రభువొచ్చేస్తే?" అన్నారు. కొట్టిపారేయగలిగే ప్రశ్న కాదు. రాకడను నేనింకా నమ్ముతాను, ఆ తొందరా నాలో పోలేదు. క్లౌ దొర కరువు తీరేదాకా ఆగాడు. మాష్టారి జబ్బు తీరేది కాదు, నా బండి అవసరమూ తీరదు. మరి ఎప్పటిదాకా ఆగాలి? మాష్టారు అడిగితే చెప్తాను, అడక్కపోతే బండి తీస్తానన్నాను. పెద్దాయనకి ఆ జవాబు నచ్చలేదు.