పొట్టిదైపోయిన చొక్కా



పోయిన క్రిస్మస్‌కు ముందు బాన్సువాడ బస్టాండులో ఒక సహోదరుడు నా చేతికి ఒక కవరు ఇచ్చాడు. అందులో పిల్లవాడి చొక్కా. "అయ్యగారూ, మావోనికి ఇయ్యుండ్రి. నేను పోతే గడప తొక్కనియ్యరు" అన్నాడు. ఆ దంపతులు విడిపోయి ఏడాదిన్నర. వారి పెండ్లి జరిపించింది నేనే. కొడుకు తల్లితో తాతగారింట్లో ఉంటున్నాడు.

చొక్కా చేర్చాను. సాయంత్రం ఆ సహోదరి ఫోన్ చేసింది. "చేతులు మోచేతుల కాడికే వస్తున్నయి అయ్యగారూ. పిల్లగాడు ఎంత పెరిగిండో ఆయనకేం తెలుసు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయనకు తెలియకుండా చేసినవారిలో నేనూ ఉన్నాను. కోర్టుకు పోతానంటే "విశ్వాసులు కోర్టుకెక్కవద్దు, ఓపిక పట్టు, నేను మాట్లాడతాను" అని ఆపాను. మాట్లాడలేదు. ఆయన ఓపిక పట్టాడు. పిల్లవాడు మాత్రం పెరగడం ఆపలేదు.

సమూయేలు షిలోహులో ఏలీ దగ్గర పెరిగాడు. హన్నా ప్రతి సంవత్సరం అక్కడికి వెళ్లినప్పుడు అతనికి చిన్న అంగీ తీసుకువెళ్లేదని 1 సమూయేలు 2:19లో చదువుతాము. ఏటా కళ్లారా చూసుకుంది గనుకనే ఎంత కొలతకు కుట్టాలో ఆ తల్లికి తెలిసింది.

మన చట్టం కూడా పిల్లల క్షేమాన్నే ముందు చూస్తుంది. బిడ్డకు ఇద్దరి ప్రేమా కావాలని, దూరంగా ఉన్నవారు బిడ్డను కలవడానికీ, ఫోనులోనో వీడియో కాల్‌లోనో మాట్లాడడానికీ వీలుండాలని 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టేవాడు, తాగి వచ్చేవాడు అయితే బిడ్డ భద్రతే ముందు; కలిపినా పెద్దల ఎదుటే కలపాలి. ఖర్చులకు ఇవ్వడం తండ్రి బాధ్యతే. కానీ ఇవ్వలేదని పిల్లవాణ్ణి చూపించకపోతే, ఆ బాకీకి పిల్లవాణ్ణి తాకట్టు పెట్టినట్టే కదా!

తీసుకుపోయి తిరిగి పంపడేమోనని తాతగారి భయం. అది ఊరికే వచ్చిన భయం కాదు. అందుకే ఇప్పుడు నెలకొక ఆదివారం, ఆరాధన తర్వాత, మా మందిరం వరండాలో రెండు గంటలు కలుస్తున్నారు. నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను. ఇదంతా కోర్టు ద్వారా రాయించుకుంటామన్నారు. ఈసారి నేను ఆపలేదు.

మొదటి ఆదివారం తండ్రికి మాట రాలేదు. కొడుకు వీపు మీద జానతో కొలిచాడు.

"ఏం కొలుస్తున్నవ్ బాపూ?" అన్నాడు పిల్లవాడు.

ప్రభువా, నా ఆలస్యమును క్షమించుము. తలుపుల వెనుక పెరుగుతున్న పిల్లలను జ్ఞాపకము చేసికొనుము. ఆమేన్.